స్వీట్ వెర్మూత్‌ను విడిగా తాగవచ్చా: కావలి నుంచి ఒక జవాబు

విదేశం నుంచి వచ్చిన స్నేహితుడు స్వీట్ వెర్మూత్ అనే మూలికల తీపి వైన్ సీసా ఒకటి ఇచ్చాడనీ, దానిని విడిగా తాగవచ్చా లేక కాక్‌టెయిళ్లలో కలపడానికే పనికివస్తుందా అనీ, మూత తీశాక ఎన్నాళ్లు నిలవ ఉంటుందనీ ఒకరు అడిగారు. విడిగానే తాగండి. సీసాలో సగం వరకైనా విడిగా తాగి, దాని రుచి నాలుకకు పూర్తిగా తెలిసిన తరువాతే మరొక దానితో కలపండి. ఇంత గట్టిగా చెబుతున్నానంటే, మా ఇంట్లో ఒక సీసా పాడై, మరొకటి సద్వినియోగమైన తరువాతే ఈ సంగతి నాకు తెలిసివచ్చింది.

మాది కావలి. మా బావగారు సరుకు ఓడలో ఇంజనీరుగా పనిచేసేవారు. పన్నెండేళ్ల క్రితం ఇటలీలోని జెనోవా రేవు నుంచి సెలవు మీద ఇంటికి వస్తూ ఆయన మొదటి సీసా తెచ్చారు. ఆ రాత్రి తలా ఒక గుక్క రుచి చూసి, మూత బిగించి, హాలులోని షోకేసులో నిలబెట్టాము. విస్కీ సీసా ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉంటుంది కనుక ఇదీ అలాగే ఉంటుందనుకున్నాము. మధ్యలో కావలి ఎండాకాలం గడిచింది. ఎనిమిది నెలల తరువాత ఎవరో బంధువులు వస్తే తీసి పోశాము. నానబెట్టి మరిచిపోయిన ఎండుద్రాక్ష నీళ్లలో ఎవరో వెనిగర్ చుక్కలు వేసినట్టుగా ఉంది. అంతా పారబోసి, వెర్మూత్ అంటే ఇదేనని తీర్మానించుకుని, చాలా ఏళ్లు దాని జోలికి పోలేదు. దానిని పాడుచేసింది మా షోకేసేనని అప్పుడు మాకు తెలియదు.

వెర్మూత్ అంటే మూలికలతో పరిమళం ఎక్కించి, కొంత స్పిరిట్ చేర్చిన వైన్. యూరప్ నిబంధనల ప్రకారం అందులో కనీసం 75 శాతం వైన్ ఉండి తీరాలి. మన దుకాణాల్లో దొరికే విస్కీలో ఆల్కహాలు సాధారణంగా 42.8 శాతం ఉంటే, స్వీట్ వెర్మూత్‌లో ఎక్కువగా 15 నుంచి 18 శాతం మధ్య ఉంటుంది. ఆ కొద్దిపాటి స్పిరిట్, అందులోని పంచదార దానిని మామూలు వైన్ కంటే కొన్నాళ్లు ఎక్కువ కాపాడతాయి కానీ, గాలి తగిలాక మాత్రం అది వైన్‌లాగే నడుచుకుంటుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే మీ ప్రశ్నలో సగానికి జవాబు దొరికినట్టే.

రెండవ సీసా అయిదేళ్ల క్రితం వచ్చింది. వినాయక చవితి వెళ్లిన తరువాతి ఆదివారం అది. ఈసారి బావగారే దానిని ముందు రోజు ఫ్రిజ్‌లో పెట్టించి, మధ్యాహ్నం భోజనానికి గంట ముందు మూత తీశారు. మా నాన్నగారికి అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్లు. బడిపంతులుగా పనిచేసి విరమించుకున్న మనిషి. రాత్రి భోజనం తరువాత వైద్యుడు చెప్పిన కొలతలో ద్రాక్షారిష్టం పుచ్చుకోవడం తప్ప మరే అలవాటూ లేదు. చవితికి పత్రి మాత్రం బజారులో కొననివ్వకుండా తానే తిరిగి కోసుకొచ్చేవారు. గ్లాసు ఆయన పక్కగా వెళుతుంటే ఆపి, వాసన చూసి, "ఒరే, ఇందులో మాచిపత్రి వేశారా?" అని నన్ను అడిగారు.

నాకు జవాబు తెలియలేదు. బావగారు మాత్రం కుర్చీలోంచి ముందుకు వంగి, "దాని చుట్టమే మామయ్యగారూ, అదే జాతి మొక్క" అన్నారు. నిజంగానే అది అదే ప్రజాతి. వెర్మూత్‌కు ప్రాణమైన చేదు మొక్క ఆర్టిమీసియా అబ్సింథియం. మనం వినాయకుడికి సమర్పించే ఇరవై ఒక్క పత్రాల్లోని మాచిపత్రి కూడా ఆర్టిమీసియాయే. అబ్సింథియం మొక్కకు జర్మన్ భాషలో ఉన్న వెర్ముట్ అనే పేరే ఈ పానీయానికి పేరైంది. ఇటలీలోని టురిన్ నగరంలో 1786లో ఆంటోనియో బెనెడెట్టో కార్పానో ఈ తీపి రకాన్ని అమ్మకానికి పెట్టాడని చెబుతారు. టురిన్ వెర్మూత్ అన్న పేరుకు 2017లో భౌగోళిక గుర్తింపు రక్షణ కూడా లభించింది.

నాన్నగారు లేచి వెళ్లి తన అరిష్టం కొలత గిన్నె తెచ్చుకుని, అందులో 30 మిల్లీలీటర్లు పోయించుకున్నారు. ఒక్కొక్క చుక్కగా చప్పరిస్తూ, దాల్చినచెక్క, లవంగం, నారింజ తొక్క అని ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పారు. వెర్మూత్‌లో సాధారణంగా పడే దినుసులు అవే. వాటితో పాటు ధనియాలు, యాలకులు, వనిల్లా, జెంటియన్ వేరు, సింకోనా బెరడు వంటివి తయారీదారుని బట్టి చేరుతాయి. రంగు చూసి అందరూ ఎర్ర ద్రాక్ష అనుకుంటారు కానీ, చాలావరకు తెల్ల వైన్‌తోనే చేసి, మాడ్చిన పంచదార పాకంతో ఆ రంగు తెస్తారు. ఆ గిన్నె పూర్తి కావడానికి నాన్నగారికి అరగంట పట్టింది. "ఇది అన్నానికి ముందు పుచ్చుకోవలసినది, ఆకలి లేస్తుంది" అని ఎవరూ చెప్పకుండానే తేల్చారు. ఇటలీ, స్పెయిన్ దేశాల వాళ్లు సరిగ్గా ఆ వేళకే దీనిని తాగుతారు.

ద్రాక్షారిష్టం రుచి ఎరిగిన తెలుగు ఇంట్లో వెర్మూత్ పరాయి వస్తువు కానే కాదని ఆ రోజు నుంచి నా నమ్మకం. ద్రాక్ష, తీపి, సుగంధ ద్రవ్యాలు, వెనకాలే వచ్చే చేదు, వగరు: ఈ వరుస మన నాలుకకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తయారీ వేరు, ఉద్దేశం వేరు, కానీ రుచిలో బంధుత్వం ఉంది.

విడిగా తాగే పద్ధతి చాలా సులువు. బాగా చల్లబరచిన వెర్మూత్ 60 మిల్లీలీటర్లు చిన్న గ్లాసులో పోసి, పెద్ద ఐసు ముక్క ఒకటి వేసి, గూడూరు నిమ్మకాయ తొక్కను పలుచగా గీసి, దాని నూనె గ్లాసు మీద పడేలా నులమండి. నిమ్మరసం పిండకండి, పులుపు మూలికల వాసనను మింగేస్తుంది. స్పెయిన్‌లో దీని పక్కన ఆలివ్ కాయలు, ఉప్పులో ఊరిన ఆంకోవీ చేపలు పెడతారు. ఆంకోవీలంటే మన నెత్తళ్లే. మా దగ్గరి సముద్రతీర గ్రామం తుమ్మలపెంట నుంచి వచ్చిన నెత్తళ్లను ఉప్పూ కారం పట్టించి కరకరలాడేలా వేయిస్తే, ఈ తీపి చేదుకు అంతకు మించిన తోడు నాకు కనబడలేదు.

ఇక కాక్‌టెయిళ్ల సంగతి. జిన్, కాంపారి అనే ఇటలీ చేదు మద్యం, స్వీట్ వెర్మూత్ మూడూ సమానంగా 30 మిల్లీలీటర్ల చొప్పున ఐసు మీద కలిపితే నెగ్రోనీ. జిన్ మానేసి సోడా పోస్తే అమెరికానో. మన మే నెలకు అదే మంచిది. రై లేదా బోర్బన్ విస్కీ రెండు పాళ్లు, వెర్మూత్ ఒక పాలు, బిట్టర్స్ అనే ఘాటైన చేదు మూలికల సారం రెండు చుక్కలు కలిపితే మాన్‌హాటన్. మన చౌక విస్కీలతో మాన్‌హాటన్ చేయవద్దని నా గట్టి అభిప్రాయం. వాటికి బదులు ఓల్డ్ మాంక్ రమ్ 45 మిల్లీలీటర్లకు 30 వెర్మూత్ కలిపి ఐసుతో నెమ్మదిగా తిప్పి చూడండి. రమ్, స్వీట్ వెర్మూత్ కలిపే పద్ధతికి పాల్మెటో అన్న పాత పేరు ఉంది.

మద్రాసులోని ఒక పెద్ద హోటల్ బారులో నేను అడిగిన నెగ్రోనీ మొదటి గుక్కకే మా షోకేసు సీసా గుర్తుకొచ్చింది. బారు కౌంటరు వెనక చూస్తే వెర్మూత్ సీసా వెచ్చటి దీపాల కింద అలంకారంగా నిలబడి ఉంది. ఎప్పుడు తెరిచారని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. జిన్‌కు అంత ధర తీసుకునే చోట, మూడవ వంతు పాత్ర ఉన్న వైన్‌కు ఫ్రిజ్‌లో జానెడు చోటు ఇవ్వకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. మన వైన్ షాపుల తీరూ నన్ను కష్టపెడుతుంది: బోర్డు మీద వైన్ అని ఉంటుంది, లోపల వైన్ తప్ప అన్నీ ఉంటాయి. "ఎంత ఎక్కుతుంది?" అన్నదొక్కటే అక్కడ వినిపించే ప్రశ్న. మాకు దగ్గరి దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చేదాకా పోరాడిన నేల ఇది. అరగంటకు ఒక చిన్న గ్లాసు, అదీ అన్నం ముందు కూర్చుని అన్న పద్ధతి గురించి ఇక్కడ మాట్లాడేవాళ్లే కరువు.

నిలవ విషయానికి వస్తే, మూత తీసిన రోజు నుంచే సీసా ఫ్రిజ్‌లో, నిలువుగా ఉండాలి. నెల రోజుల్లో ముగిస్తే శ్రేష్ఠం. రెండు నెలల వరకు కాక్‌టెయిళ్లకు పనికివస్తుంది. సగం ఖాళీ అయితే, శుభ్రమైన చిన్న సీసాలోకి మెడదాకా నిండేలా మార్చండి. లోపల గాలి తగ్గిన కొద్దీ రుచి నిలుస్తుంది. మీ సీసా ఇదివరకే తెరిచి బయట ఉండిపోయి ఉంటే, విడిగా ఒక చెంచా నోట్లో వేసుకోండి. వెనిగర్ వాసన తగిలితే దానిని దేనిలోనూ కలపకండి.

తెరిచిన తేదీని చీటీ మీద రాసి సీసాకు అతికించండి. మా ఇంట్లో ఆ చీటీ ఇప్పటికీ నాన్నగారే రాస్తారు, బడిలో రాసినట్టు తేదీ, వారం రెండూ.