బ్లాకుల లెక్క పెరిగింది, కానీ ఇంట్లో చెయ్యి వాడట్లేదు: ఎవరి మాట నమ్మాలి?

ఆరేళ్ల పాప, కుడివైపు హెమిప్లీజియా (మెదడు సమస్య వల్ల ఒంట్లో ఒక పక్క చెయ్యి, కాలు సరిగ్గా పనిచెయ్యకపోవడం), బాక్స్ అండ్ బ్లాక్ టెస్టులో ఆరు నెలల్లో 11 నుంచి 14కి వచ్చింది, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపిస్టు, రోజువారీ పనులు చేసుకోవడం నేర్పేవారు) మేడం బాగుందంటున్నారు, ఇంట్లో మాకు తేడా ఏం కనబడట్లేదు, ఇదీ కదా మీరడిగింది. నన్నడిగితే మీ ఇద్దరి మాటా నిజమే అయ్యుంటుందండీ. నేను డాక్టర్ని కాదు, థెరపిస్టుని కాదు, ఎడమవైపు హెమిప్లీజియా ఉన్న తొమ్మిదేళ్ల పిల్లాడి తండ్రిని, మూడు నాలుగేళ్లుగా ఈ టెస్టుల పక్కన కూచుని చూస్తున్నవాణ్ణి, అంతవరకే.

ముందు ఆ టెస్టు ఏం కొలుస్తుందో చెప్తాను, ఎందుకంటే నాకైతే ఏడాది దాకా ఎవరూ చెప్పలేదు. మధ్యలో అడ్డుపలక ఉన్న పెట్టె, ఒకవైపు రెండున్నర సెంటీమీటర్ల చెక్క బ్లాకులు 150, ఒక్కో బ్లాకు తీసి అడ్డం దాటించి అవతల వెయ్యాలి, ఒక్క నిమిషంలో ఎన్ని వేస్తే అంత స్కోరు. రెండు కలిపి పట్టుకొస్తే ఒకటే లెక్క. వేళ్ల కొసలు అడ్డం దాటాలి, దాటకుండా విసిరేస్తే లెక్కలోకి రాదు. అంతే టెస్టు. బ్లాకుని ఎలా పట్టుకుంది, ఎలా వదిలింది, భుజం ఎంత లేపింది, ఇవేవీ ఆ నంబర్లో ఉండవు.

మా వాడికి బ్లాకు పట్టుకోవడంతో పెద్ద ఇబ్బంది లేదు, వదలడమే కష్టం. వేళ్లు మూసుకుంటే ఇక తెరుచుకోవు, బొటనవేలు అరచేతిలోకి పోతుంది, బ్లాకు దాని కింద ఇరుక్కుంటుంది. మొదటిసారి 9 వచ్చాయి. ఏడాదికి 15 అయ్యాయి, మేమంతా సంబరపడిపోయాం. తర్వాత ఫోన్లో తీసిన వీడియో మళ్ళీ మళ్ళీ చూస్తే అప్పుడర్థమైంది, వాడు చెయ్యి అడ్డం దాటించి, అరచేతిని ఆ పలక అంచుకేసి గీకి బ్లాకుని రాల్చేస్తున్నాడు. రూల్ ప్రకారం తప్పేం లేదు, వేళ్లు దాటాయి కదా! వాడి తెలివికి మెచ్చుకోవాలి గానీ, పెరిగిన ఆరింట్లో చేతి వాటా ఎంత, ఉపాయం వాటా ఎంత అనేది ఆ కాగితం చూసి ఎవరు చెప్పగలరు? అప్పట్నుంచి మా ఓటీ గారు నంబర్ పక్కన ఒక లైను రాస్తారు, 'అంచు సాయంతో వదిలాడు' అని. మీరూ రాయమని అడగండి, ఆ ఒక్క లైనే నాకు నంబర్ కంటే ఎక్కువ ఉపయోగపడింది.

ఇంకొకటి. మధ్యలో ఒక చోట (పేరు వద్దులెండి) అదే టెస్టు చేస్తే 15 కాస్తా 10కి పడిపోయింది. రెండు రాత్రులు నిద్ర లేదు మాకు. తీరా చూస్తే అక్కడ కుర్చీ ఎత్తుగా ఉంది, వాడి కాళ్లు నేలకి ఆనట్లేదు, కాళ్లు వేలాడుతుంటే నడుము నిలబడదు, నడుము నిలబడకపోతే చెయ్యి బిగుసుకుంటుంది, పైగా కొత్త మనిషి స్టాప్‌వాచ్ పట్టుకుని 'ఫాస్ట్ ఫాస్ట్' అంటున్నారు. తొందరపెడితే మా వాడి చెయ్యి ఇంకా పిడికిలై పోతుంది. డిస్టోనియా (కండరాలు వాటంతటవే బిగుసుకుని మెలితిరగడం) ఉన్న పిల్లలకైతే ఈ బాధ ఇంకా ఎక్కువ, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది కాబట్టి ఒక్కసారి కొలిచి చెప్పే అంకెకి నేనైతే విలువివ్వను. అందుకని మీ 11కీ 14కీ మధ్య కుర్చీ, బల్ల, టైము, చేయించిన మనిషి ఒకటేనా అని ముందు కనుక్కోండి. అలాగే పాప బాగున్న చెయ్యి, అంటే ఎడమచేతి లెక్క కూడా అడగండి, అది మామూలుగా రాసే ఉంటారు. పిల్లలు పెరిగేకొద్దీ బాగున్న చెయ్యి కూడా స్పీడవుతుంది, మా వాడి కుడిచెయ్యి అదే ఏడాదిలో 43 నుంచి 48కి వెళ్లింది మరి. వయసుతో వచ్చింది కొంత, థెరపీతో వచ్చింది కొంత.

ఇప్పుడు అసలు సంగతికొస్తే, టెస్టులో 'కుడిచేత్తో తియ్యి' అని చెప్తే పాప తీస్తుంది. ఇంట్లో అలా ఎవరూ చెప్పరు కదా. చెప్తే చెయ్యగలగడం వేరు, చెప్పకుండా వాడటం వేరు. మా వాడు 15 బ్లాకులు వేసిన రోజుల్లోనే వాటర్ బాటిల్ని మోకాళ్ల మధ్య పెట్టుకుని కుడిచేత్తో మూత తిప్పేవాడు, బ్యాగు జిప్పుని పళ్లతో పట్టుకునేవాడు, ఎడమచెయ్యి పక్కన చుట్టంలా కూచునేది.

ఆ తేడా పట్టేది అసిస్టింగ్ హ్యాండ్ అసెస్‌మెంట్, ఏహెచ్ఏ అంటారు, స్వీడన్ వాళ్లు తయారుచేసింది. ఒకవైపు చెయ్యి దెబ్బతిన్న పిల్లల కోసమే ఇది. పది పదిహేను నిమిషాలు ఆడిస్తారు, బొమ్మలన్నీ రెండు చేతులు కావాల్సినవే, కానీ 'ఆ చెయ్యి వాడు' అని పిల్లలతో ఎవరూ అనరు. వీడియో తీసి తర్వాత తీరిగ్గా స్కోరు వేస్తారు, సున్నా నుంచి వంద యూనిట్లు, 5 యూనిట్లన్నా మారితేనే నిజంగా మారినట్టు లెక్క. దానికి ట్రైనింగ్ అయిన థెరపిస్టే ఉండాలి, కాబట్టి అన్నిచోట్లా చెయ్యరు. మా వాడి ఆట మొత్తంలో ఎడమచెయ్యి వస్తువుని పొట్టకేసి అదమడానికి తప్ప దేనికీ ముందుకు రాలేదు. చూస్తుంటే బాధేసింది గానీ, రెండు చేతులతో చేసే పనుల మీద థెరపీ మొదలైంది ఆ వీడియో వల్లే.

మీ రిపోర్టులో మ్యాక్స్ (MACS, మాన్యువల్ ఎబిలిటీ క్లాసిఫికేషన్ సిస్టమ్) లెవెల్ 2 అని కూడా ఉందన్నారు. దాన్ని స్కోరనుకోకండి. 2006లో వచ్చిన వర్గీకరణ అది, ఒకటి నుంచి అయిదు లెవెల్స్, రోజూ వస్తువుల్ని రెండు చేతులూ కలిపి ఎలా వాడుతుందో చెప్పే మాట, ఒక్కో చేతికి వేరేగా ఉండదు. రెండు అంటే చాలా వస్తువులు వాడగలదు, కాకపోతే కాస్త నెమ్మదిగానో కాస్త తడబడుతూనో. ఆరు నెలల థెరపీకి అది ఒకటి అవ్వలేదని దిగులు పడక్కర్లేదు, మారడాన్ని కొలవడానికి పెట్టింది కాదది. తొమ్మిది పుల్లలు గుచ్చే నైన్ హోల్ పెగ్ టెస్ట్ మా వాడికి ఒకసారి పెట్టారు, మూడో పుల్లకే ఏడ్చాడు, ఆపేశాం. వేళ్లు సరిగ్గా విడిపోని చేతికి అది పెట్టడం నా దృష్టిలో పిల్లాణ్ణి ఏడిపించడమే.

ఏహెచ్ఏ దొరక్కపోతే మేం ఇంట్లో చేసేది చెప్తాను. మూడు పనులు పెట్టుకున్నాం, బాటిల్ మూత, జిప్పు, కాగితం కత్తిరించడం. మూడు నెలలకోసారి అదే బల్ల, అదే బాటిల్, అదే టైములో వీడియో, మధ్యలో నోరెత్తం. టైము కూడా రాస్తాం గానీ చూసేది మాత్రం ఎడమచెయ్యి ఎప్పుడు, ఎవరూ చెప్పకుండా ముందుకొచ్చిందా అనేదే. బ్లాకులు మాత్రం కొని ఇంట్లో ప్రాక్టీసు చేయించకండి, మేం చేయించాం, స్కోరు పెరిగింది, ఇంకేం పెరగలేదు, పైగా ఒకరోజు వాడు 'నాన్నా ఈసారి ఎన్ని రావాలి?' అని అడిగాడు, ఆ రోజే పెట్టె అటక మీద పెట్టేశాను.

ఆ, ఫోన్ ఎదురుగా కాకుండా బాగాలేని చేతి వైపు పక్కగా పెట్టండి, కొంచెం పైనుంచి. ఎదురుగా పెడితే బాటిలే అడ్డం వచ్చి బొటనవేలు కనబడదు, మా మొదటి రెండు వీడియోలు అలాగే పోయాయి.