అల్లుడూ, హాస్టల్‌కి వచ్చే ముందు ఇది చదువు

అల్లుడూ,

నువ్వు విశాఖలో హాస్టల్లో చేరుతున్నావని మీ అమ్మకి ఒకటే టెన్షన్. నీదీ నాదీ ఒకటే హిమోఫిలియా, అదే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ ఎనిమిది అనే ప్రొటీన్ లోపం. అందుకే మా అక్క మాటకన్నా నా మాట నీకు కాస్త ఎక్కుతుందేమోనని రాస్తున్నా.

ముందు ఓర్చుకోవడం మానెయ్. మోకాల్లోనో చీలమండలోనో చిమచిమలాడుతూ లోపల బిగిసినట్టు అనిపించిందంటే కీలు లోపల రక్తం కారడం మొదలైనట్టే, అప్పటికి వాపు కూడా ఉండదు, పక్కవాడికి చూపిద్దామన్నా ఏమీ కనపడదు, దాంతో క్లాసు అయ్యాక చూద్దాంలే అనిపిస్తుంది. చూడకు. రెండు గంటల్లోపే నరంలోకి ఫ్యాక్టర్ ఇంజెక్షన్ పడాలి. మా రోజుల్లో ఫ్యాక్టర్ ఎక్కడిది, ప్లాస్మా ఎక్కించేవాళ్లు, అదీ దొరికితే. నా ఎడమ మోకాలు ఇప్పటికీ పూర్తిగా చాపలేను.

ఫ్యాక్టర్ సీసాలు పెట్టడానికి వార్డెన్ ఫ్రిజ్ అడుగు, మొహమాటపడకు. ఫ్రీజర్లో మాత్రం పెట్టనివ్వకు. మందు కలిపేటప్పుడు గబగబా కుదపకుండా అరచేతుల మధ్య మెల్లగా తిప్పు, నురగ రాకూడదు.

రూమ్మేట్లకి మొదటి రోజే చెప్పెయ్. లేకపోతే పాపం ప్రేమకొద్దీ బామ్ రాసి మర్దన చేస్తారు, కాపడం పెడతారు, రెండూ వద్దు. గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టి కాలు ఎత్తు మీద ఉంచితే చాలు. మెడికల్ షాపువాడిచ్చే బ్రూఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ముట్టుకోకు, నొప్పికైనా జ్వరానికైనా పారాసిటమాలే. తుంటికి సూది వేస్తానంటే లేచి వచ్చెయ్, కండలోపల రక్తం కారి గడ్డలా ఉబ్బుతుంది. గజ్జల్లో నొప్పి పుట్టి కాలు చాపలేకపోతే అదీ లోపల రక్తం కారడం వల్ల కావచ్చు, దాన్ని అపెండిసైటిస్ అని పొరబడే డాక్టర్లూ ఉంటారు, నోరు తెరిచి నీ జబ్బు పేరు చెప్పు. తలకి దెబ్బ తగిలితే ముందు ఫ్యాక్టర్, తర్వాతే స్కాన్.

ఇక ఆషాఢ పౌర్ణమికి ఫ్రెండ్స్ సింహాచలం గిరి ప్రదక్షిణకి లాగుతారు. 32 కిలోమీటర్లు, వద్దురా. అప్పన్న ఏమీ అనుకోడు, ఇంకోరోజు బస్సెక్కి కొండమీదకి వెళ్లు. ఈత మాత్రం మంచిదే, కీళ్ల చుట్టూ కండ గట్టిపడుతుంది, కాకపోతే స్విమ్మింగ్ పూల్లో, ఆర్కే బీచ్ అలల్లో కాదు.

వికలాంగుల సర్టిఫికెట్ అంటే నీకు నామోషీ అని విన్నా. 2016 చట్టంలో మన జబ్బు కూడా ఉంది, హక్కుగా వచ్చేది వదులుకోవడం ఏమిటి?

వచ్చేటప్పుడు పాత రిపోర్టులన్నీ తీసుకురా, మద్దిలపాలెంలో దిగి ఫోన్ చెయ్. మర్నాడు ఇద్దరం కేజీహెచ్‌కి, అదే ఇక్కడి పెద్దాసుపత్రికి వెళ్లి నీ పేరు రాయించి వద్దాం.

మీ మావయ్య