నీటి అడుగుకు కెమెరా ఎంచుకునే ముందు

చెన్నై, టి. నగర్.

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ శిక్షణ పూర్తయిందని, ఫిబ్రవరిలో అండమాన్‌లోని హేవ్‌లాక్‌కు, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌కు వెళ్తున్నావని నీ ఉత్తరంలో చదివి ఎంతో సంతోషించాను. నీటి అడుగున ఫోటోలకు గోప్రో కొనాలా, నీటిని తట్టుకునే టీజీ-7 వంటి చిన్న కెమెరా కొనాలా, లేక నీ మిర్రర్‌లెస్‌కే (లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరాకే) హౌసింగ్, అంటే నీరు చొరని పెట్టె, తీసుకోవాలా అని అడిగావు.

ముందు వెలుతురు సంగతి చెబుతాను. నీరు అన్నిటికంటే ముందు ఎరుపును మింగేస్తుంది. అయిదారు మీటర్లు దిగేసరికే ఎరుపు చాలావరకు పోతుంది, ఆ తరువాత నారింజ, పసుపు కూడా వెలవెలబోతాయి కనుక, విసనకర్రలా ఉండే ఎర్రని సీ ఫ్యాన్ పగడం ఫోటోలో బూడిదరంగు పొదలా కనిపిస్తుంది. అక్కడ లేని రంగును ఎంత ఖరీదైన కెమెరా అయినా పట్టలేదు. అందుచేత నీ డబ్బులో కొంత స్ట్రోబ్ (నీటి అడుగున వాడే ఫ్లాష్ దీపం) కోసం ముందే తీసిపెట్టి, మిగిలినదానితోనే కెమెరా చూడు. ఆ స్ట్రోబ్‌ను లెన్సుకు దగ్గరగా కాక ఆర్మ్ (కెమెరాకు బిగించే కడ్డీ) మీద బాగా పక్కకు జరిపి పెట్టాలి. లేకపోతే నీటిలోని నలుసులన్నీ వెలిగి ఫోటో నిండా తెల్లని చుక్కలు పడతాయి.

గోప్రో వీడియోకు మంచిది. విడిగా 10 మీటర్ల లోతు, డైవ్ హౌసింగ్‌తో 60 మీటర్ల లోతు తట్టుకుంటుంది, కానీ దానికి స్ట్రోబ్ జతచేయలేవు, చిన్న చేపలు చుక్కల్లా మిగిలిపోతాయి. మిర్రర్‌లెస్ ఫోటో నాణ్యతకు సాటిలేదు. అయితే హౌసింగ్‌కు లెన్సు ముందుండే అద్దం, అంటే పోర్టు, విశాలదృశ్యానికి గుండ్రనిది (డోమ్), మాక్రోకు, అంటే చిన్న ప్రాణుల దగ్గరి ఫోటోలకు, చదునైనది (ఫ్లాట్) వేరువేరుగా కావాలి, పైగా హౌసింగ్ ఆ ఒక్క మోడల్‌కే సరిపోతుంది కనుక రేపు కెమెరా మారిస్తే అదీ మార్చవలసిందే.

నా ఓటు టీజీ-7కే. లెన్సుకు ఒక సెంటీమీటరు దూరంలోని నూడీబ్రాంక్‌ను (రంగురంగుల చిన్న సముద్రపు నత్తను) కూడా అది స్పష్టంగా తీస్తుంది, తరువాత రంగులు సరిదిద్దుకోవడానికి వీలైన రా ఫైళ్ళు ఇస్తుంది. కెమెరా ఒక్కటే 15 మీటర్ల వరకు ఆగుతుంది, నీకు అనుమతి ఉన్న లోతు 18 మీటర్లు, కాబట్టి 45 మీటర్లు తట్టుకునే పీటీ-059 హౌసింగ్ తప్పక తీసుకో. హౌసింగ్‌లోకి నీరు చేరినా లోపలి కెమెరాకు ఉండే ఆ 15 మీటర్ల రక్షణ విలువ నాకు అనుభవంతో తెలిసింది: పదేళ్ళ క్రితం హౌసింగ్ మూతలోని ఓ-రింగ్ (నీరు చొరకుండా ఆపే రబ్బరు వలయం) మీద ఒక్క వెంట్రుక ఉండిపోవడం గమనించక, నా మిర్రర్‌లెస్‌ను ఉప్పునీటిపాలు చేసుకున్నాను. ఆ రోజు లోపలి కెమెరా కూడా నీటికి తట్టుకునేదే అయివుంటే బతికేది.

కనుక ఓ-రింగ్‌ను పడవ మీద హడావిడిగా కాక, ముందురోజు రాత్రి ఏసీ గదిలో దీపం కింద శుభ్రం చేసి, మెరుపు కనిపించేంత పలుచగా మాత్రమే గ్రీజు రాయి. తేమగాలి లోపల చిక్కితే నీటిలో అద్దం మసకబారుతుంది, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం లోపల పెట్టడం మరువకు. పైకి రాగానే ఉప్పు ఆరకముందే మంచినీటిలో నానబెట్టి, బటన్లన్నీ నొక్కు. విమానంలో విడి బ్యాటరీలను చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

ఇంకొక మాట గట్టిగా చెబుతున్నాను, తల్లీ. మొదటి రెండు డైవ్‌లకు కెమెరా తీసుకెళ్ళకు. పైకి తేలకుండా, కిందికి మునగకుండా నీ ఊపిరితో నీటిలో నిలదొక్కుకోవడం వచ్చేదాకా, ఫోటో కోసం పగడాన్ని పట్టుకోవాలనిపిస్తుంది. దానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, నీ చేయి తగిలి విరిగిన కొమ్మ మళ్ళీ పెరగడానికి ఏళ్ళు పడుతుంది.

వచ్చే ఆదివారం ఇంటికి రా. నా స్ట్రోబ్, ఆర్మ్ రెండూ ఇస్తాను. కొన్న హౌసింగ్‌ను కెమెరా లేకుండా, బరువు కట్టి, మన మేడ మీది తొట్టిలో గంటసేపు ముంచి చూద్దాం.

నీ మామయ్య