గడ్డి నుంచి ఇథనాల్: గట్టు మీద ధర ఎంత?

కోతల సీజన్ కదా, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగం పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ మీదే. ఒకే రకంవి కలిపేసి జవాబులు ఇస్తున్నాం.

మిషన్‌తో కోయించాక గడ్డంతా మళ్లలోనే పడి ఉంటోంది. పశువులు లేవు, తగలబెట్టేస్తున్నాం. హర్యానాలో వరిగడ్డితో ఇథనాల్ తీసే ఫ్యాక్టరీ ఉందట. మా దగ్గరా అలాంటిది పెడితే రైతుకు ఏమైనా మిగులుతుందా?
– ఒక రైతు, మిర్యాలగూడ

ఉందండి, పానిపట్‌లో. ఇండియన్ ఆయిల్ వాళ్లది. 900 కోట్లకు పైగా పెట్టి కట్టారు, 2022 ఆగస్టు 10న ప్రధాని ప్రారంభించారు. ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డి తీసుకుని 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలన్నది దాని లెక్క, అంటే టన్నుకు 150 లీటర్లు. ఎకరాకు రెండు టన్నుల గడ్డి వస్తుందనుకున్నా ఆ ఒక్క ఫ్యాక్టరీకి లక్ష ఎకరాల గడ్డి కావాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. కోతలు నెల, నెలన్నరలో అయిపోతాయి, ఫ్యాక్టరీ మాత్రం ఏడాది పొడవునా నడవాలి. కాబట్టి ఏడాదికి సరిపడా గడ్డిని ఆ నెలన్నరలోనే కట్టలు కట్టి, లారీలకెత్తి, వాన తడపకుండా, నిప్పు అంటుకోకుండా ఎక్కడో పేర్చాలి. పైగా గడ్డి లారీ పైదాకా నిండిపోతుంది గానీ బరువు తూగదు, కిరాయి మాత్రం పూర్తిగా ఇవ్వాల్సిందే.

అందుకే ఎవరైనా గడ్డి కొంటామని వస్తే ఫ్యాక్టరీ గేటు దగ్గర టన్ను ఎంత అన్నది పక్కన పెట్టి, మా గట్టు మీద ఎంతిస్తారని అడగండి. బేలర్ (గడ్డిని కట్టలు కట్టే యంత్రం) ఎవరిది, దారం ఎవరిది, డీజిల్ ఎవరిది, తేమ ఉందని ఎంత కోస్తారు, కోత అయిన ఎన్ని రోజుల్లో మడి ఖాళీ చేస్తారు? చివరిది చాలా ముఖ్యం. యాసంగి నాటుకు నీళ్లొచ్చే టైమ్‌కి కట్టలు ఇంకా మడిలోనే ఉంటే టెన్షన్ మీకే, వాళ్లకేం కాదు.

ఇంకో లెక్క కూడా చూసుకోండి. టన్ను గడ్డిలో ఐదారు కిలోల నత్రజని, సుమారు ఇరవై కిలోల పొటాష్ ఉంటాయి. తగలబెడితే నత్రజని, గంధకం పొగలో పోతాయి, పొటాష్ చాలావరకు బూడిదలో మిగులుతుంది. అమ్మేస్తే ఆ పొటాష్ కూడా లారీ ఎక్కి వెళ్లిపోతుంది. ఎకరాకు రెండు టన్నులు ఎత్తారంటే ఒక బస్తా ఎంఓపీకి (పొటాష్ ఎరువు) పైనే పోయినట్టు. గట్టు మీద ఇచ్చే ధరలోంచి ఆ బస్తా ఖరీదు తీసేసి చూడండి, అప్పటికీ మిగిలితే సంతోషంగా అమ్ముకోండి. మిగలకపోతే రోటావేటర్‌తో కలియదున్నడమే నయం. కాల్చడం మాత్రం రెండిటికంటే అధ్వానం, ఆ పొగ పీల్చేది ముందు మన ఇంట్లో వాళ్లే.

బియ్యంలో ఉన్నదీ గ్లూకోజే, గడ్డిలో ఉన్నదీ గ్లూకోజే అని మా సార్ చెప్పారు. మరి నూకల నుంచి ఇథనాల్ సులువుగా వస్తుంటే గడ్డి నుంచి ఎందుకంత కష్టం?
– ఇంటర్ విద్యార్థిని, ఏలూరు

మంచి ప్రశ్న అమ్మా. మీ సార్ చెప్పింది నిజమే. అన్నం మెతుకు కాసేపు నములుతూ ఉంటే తియ్యగా అవుతుంది, లాలాజలమే పిండిపదార్థాన్ని విడగొట్టేస్తుంది. గడ్డిపోచ ఎంత నమిలినా తియ్యబడదు. గ్లూకోజ్ అణువులు రెండింట్లోనూ గొలుసుకట్టుగానే ఉన్నా, గడ్డిలోని గొలుసు పేరు సెల్యులోజ్, దానిలో లింకు వేరే రకం. గొలుసులు నిటారుగా సాగి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. వాటి చుట్టూ హెమీసెల్యులోజ్ (ఇంకో రకం చక్కెరల గొలుసు), లిగ్నిన్ (గడ్డికి గట్టిదనం ఇచ్చే పదార్థం). వరిగడ్డి అయితే ఇసుకలో ఉండే సిలికా కూడా బోలెడు, అది గడ్డి నరికే బ్లేడ్లను అరగదీస్తుంది.

కాబట్టి ముందు గడ్డిని ముక్కలు చేసి, కొద్దిగా ఆమ్లం కలిపి, ఒత్తిడిలో వేడి ఆవిరితో ఉడికిస్తారు. ఇక్కడ తూకం తప్పకూడదు. తక్కువ ఉడికితే గొలుసులు విడవవు. ఎక్కువ ఉడికితే కొంత చక్కెర ఫర్‌ఫ్యురాల్‌గా మారిపోతుంది, అది తర్వాత చక్కెరను ఇథనాల్‌గా పులియబెట్టే ఈస్ట్‌కు విషం. ఉడికాక సెల్యులోజ్‌ను గ్లూకోజ్‌గా విడగొట్టే సెల్యులేజ్ ఎంజైములు కలుపుతారు, ఖర్చులో పెద్ద వాటా వీటిదే. ఈ ఎంజైముల కథ బాగుంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలు కుళ్లిపోతుంటే, ఎందుకా అని వెతికితే, ఇవే ఎంజైములతో నూలులోని సెల్యులోజ్‌ను తినేసే ఒక బూజు దొరికింది. మొదట దాన్ని ట్రైకోడెర్మా విరిడి అనుకున్నారు, అంటే మన రైతులు పశువుల ఎరువులో కలిపి చల్లేదే. తర్వాత అది వేరే జాతి అని తేలి, దాని మీద ఏళ్ల తరబడి పనిచేసిన శాస్త్రవేత్త ఎల్విన్ రీస్ పేరు మీద ట్రైకోడెర్మా రీసీ అని పెట్టారు. ఈ రంగంలో ఎంజైములకు ఇవాళ్టికీ ప్రధాన ఆధారం దాని వారసులే.

ఇంతా చేస్తే హెమీసెల్యులోజ్ నుంచి వచ్చే జైలోజ్ అనే చక్కెరను మామూలు ఈస్ట్ ముట్టుకోదు, దానికి మార్పులు చేసిన ఈస్ట్ కావాలి. లిగ్నిన్‌ను ఏ ఈస్టూ ఇథనాల్‌గా మార్చలేదు కాబట్టి దాన్ని బాయిలర్‌లో కాల్చి ఆవిరికి, కరెంటుకు వాడతారు. టన్ను మొక్కజొన్న నుంచి దాదాపు 380 లీటర్లు వస్తుంటే గడ్డి నుంచి 150 దగ్గర ఆగడానికి కారణాలు ఇవే.

కష్టమంతా కెమిస్ట్రీదే అనుకోకు. అమెరికాలో అయోవా రాష్ట్రంలో మొక్కజొన్న చొప్పతో నడపాలని డ్యూపాంట్ 2015లో పెద్ద ఫ్యాక్టరీ తెరిచి 2017లోనే వదిలేసుకుంది. కాన్సస్‌లో అబెంగోవా వాళ్లది 2014లో మొదలై 2016కల్లా దివాలా. చొప్పతో పాటు వచ్చే మట్టి, రాళ్లు యంత్రాల్లో ఇరుక్కోవడం ఇలాంటి ఫ్యాక్టరీలను బాగా ఏడిపించింది. మన దగ్గర బేలర్ తిరిగిన మడికి వెళ్లి ఒక కట్ట విప్పి చూడు, నేల తడిగా ఉన్నప్పుడు చుట్టినదైతే మట్టి గడ్డలు రాలతాయి. అస్సాంలో నుమాలీగఢ్ దగ్గర 2025 సెప్టెంబరులో ప్రారంభమైన ఫ్యాక్టరీ గడ్డి జోలికి పోకుండా వెదురు పట్టుకుంది. వెదురుకు నెలన్నర కోతల హడావుడి లేదు. నాకైతే అది తెలివైన పనే అనిపిస్తుంది.

మా జిల్లాలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఊళ్లు గొడవ చేస్తున్నాయి. పంట వ్యర్థాలతో నడిచేదైతే రైతుకు మంచిదే కదా, ఎందుకు వద్దంటున్నారు?
– గద్వాల పాఠకుడు

మన రెండు రాష్ట్రాల్లో వస్తున్నవాటిలో దాదాపు అన్నీ నూకలు, మొక్కజొన్న వాడేవే, గడ్డివి కావు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో జనం రోడ్డెక్కింది నీళ్ల గురించి, వాసన గురించి, వ్యర్థ జలాల గురించి. గడ్డితో నడిచినా ఆ మూడు ప్రశ్నలూ అడగాల్సినవే. కాగితం మీద మాత్రం ‘చుక్క వ్యర్థ జలం కూడా బయటికి వదలం’ అని రాస్తారు. నీళ్లు ఎక్కడినుంచి తీసుకుంటారు, రోజుకెన్ని లీటర్లు అన్నది గ్రామసభలో రాతపూర్వకంగా చెప్పమనండి. రైతుకు మంచిదన్న ఒక్క మాటతో ఆ ప్రశ్నలు దాటేయడం నాకు నచ్చదు.

ఇ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపినది) వచ్చాక బండి మైలేజీ తగ్గింది. గడ్డి ఇథనాల్ అయితే తగ్గదా?
– విజయవాడ

తగ్గుతుంది. దేని నుంచి తీసినా ఇథనాల్ ఇథనాలే, లీటరుకు పెట్రోల్ కంటే మూడో వంతు శక్తి తక్కువ. పాత టూవీలర్లకు 3–4 శాతం, పాత కార్లకు 6–7 శాతం మైలేజీ తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది.

పత్తికట్టె, మొక్కజొన్న కండెలు బోలెడున్నాయి. డ్రమ్ముల్లో పులియబెట్టి సొంతంగా తీసుకుని ట్రాక్టర్‌కు వాడొచ్చా?
– ఆదిలాబాద్

వద్దండి. ఒత్తిడిలో ఆవిరి పట్టకుండా, ఎంజైములు వేయకుండా డ్రమ్ములో నానబెడితే కుళ్లు వాసన తప్ప ఏమీ రాదు. ఒకవేళ వచ్చినా మామూలు బట్టీతో 95 శాతం దాటించడం కష్టం, అది డీజిల్ ఇంజన్‌కు పనికిరాదు. పైగా లైసెన్సు లేకుండా బట్టీ పెడితే ఎక్సైజ్ వాళ్లు అది ట్రాక్టర్‌కే అంటే నమ్మరు. పత్తికట్టెను ష్రెడ్డర్‌తో ముక్కలు కొట్టించి మట్టిలో కలపండి, కండెలు పొయ్యిలోకి ఎలాగూ పనికొస్తాయి.