బీమాలో మిగిల్చి, వడ్డీకి కట్టడమా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు, బట్టల దుకాణం ఉంది. మా అబ్బాయి ఆగస్టులో ఎంఎస్ చదవడానికి అమెరికా వెళుతున్నాడు. యూనివర్సిటీ బీమా ఖరీదెక్కువ కాబట్టి, ఇక్కడి నుంచే చవక పాలసీ తీసుకొని యూనివర్సిటీ బీమాను వద్దనవచ్చని స్నేహితులు చెబుతున్నారట. మొదట్లో ఖర్చులకు 3 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తున్నాం. వాడికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. మా ఆలోచన సరైనదేనా?

జవాబు: సరైనది కాదు. పిల్లలను విదేశాలకు పంపే చాలా కుటుంబాలు ప్రీమియం ఒక్కటే చూసి పాలసీని ఎంచుకుంటున్నాయి కనుకనే మీ ప్రశ్నను తీసుకున్నాను. మీరు చివర్లో రాసిన ఉబ్బసమే ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం. చవక ప్రయాణ పాలసీలు చాలావరకు ముందునుంచీ ఉన్న జబ్బులకు డబ్బు చెల్లించవు, చెల్లించినా ప్రాణం మీదికి వచ్చినప్పటికే పరిమితం చేస్తాయి. చలికాలంలో ఊపిరాడక అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వెళితే, ఆ బిల్లు మీ అబ్బాయి పేరనే వస్తుంది. యూనివర్సిటీ పథకాల్లో సాధారణంగా ఈ మినహాయింపు ఉండదు.

చదువుకు వెళ్లేవారికి సాధారణంగా ఇచ్చే ఎఫ్-1 వీసాకు అమెరికా ప్రభుత్వం కనీస బీమా మొత్తాన్ని నిర్దేశించలేదు, ఆ షరతులు యూనివర్సిటీలే పెడతాయి. మార్పిడి కార్యక్రమాలపై వెళ్లేవారికి ఇచ్చే జె-1 వీసాకు మాత్రం ఒక్కో జబ్బుకు కనీసం 1,00,000 డాలర్ల బీమా ఉండాలని, డిడక్టిబుల్ (బీమా కంపెనీ చెల్లించే ముందు మనం కట్టాల్సిన మొత్తం) 500 డాలర్లు మించరాదని నిబంధన ఉంది. శస్త్రచికిత్సకు ఐసీయూ కూడా తోడైతే ఆ లక్ష డాలర్లూ చాలకపోవచ్చు. పాలసీ బాగానే ఉన్నా మీ వాటా తప్పదు: 20,000 డాలర్ల బిల్లులో 500 డిడక్టిబుల్, మిగతాదానిలో 20 శాతం మీదైతే, మొత్తం 4,400 డాలర్లు మీరే కట్టాలి; డాలరు 85 రూపాయలనుకున్నా 3,74,000 రూపాయలవుతుంది. అందుకే ఏడాదిలో మీ చేతి నుంచి పడే గరిష్ఠ మొత్తం ఎంతో ముందు చూడండి, ప్రీమియం తర్వాత.

ఇక ఆ వడ్డీ అప్పు జోలికి వెళ్లనే వద్దు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, నెలకు 6,000 రూపాయలు వడ్డీకే పోతాయి. వాడు పని చేసి తీరుస్తాడనుకోకండి. తరగతులు జరిగేటప్పుడు ఎఫ్-1 విద్యార్థి క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. జీవన వ్యయాన్ని, బీమా ప్రీమియాన్ని విద్యారుణంలోనే కలపమని బ్యాంకును అడగండి. చాలకపోతే బంగారంపై బ్యాంకు రుణం నయం.

యూనివర్సిటీ బీమాను వద్దనే గడువు సెమిస్టరు మొదట్లోనే ముగుస్తుంది. ఏ పాలసీ తీసుకున్నా, ఉబ్బసానికి మొదటి రోజు నుంచే వర్తిస్తుందని కంపెనీ ఈమెయిల్‌లో రాసి ఇచ్చాకే డబ్బు కట్టండి.