మతశాఖల పేర్లు రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రపంచ మతాల పదకోశం పని నీకు అప్పగించారని రాశావు. అకారాది క్రమంలో పేర్లు పేర్చుకుంటూ మొదలుపెట్టకమ్మా. ముందు ఒక్కో పేరునీ నిలదీసి అడుగు: ఈ పేరు వాళ్లే పెట్టుకున్నదా, పొరుగువాళ్లు అలవాటుగా పిలిచిందా, గిట్టనివాళ్లు అంటగట్టిందా? మూడు గడులు గీసి విడివిడిగా రాసుకో.

"నెస్టోరియన్లు" మూడో గడిలోకి వెళ్తుంది. 431లో క్రైస్తవ పెద్దల ఎఫెసు సభ ఖండించిన బిషప్ నెస్టోరియస్ పేరును ప్రత్యర్థులు ఒక క్రైస్తవ సంఘానికి తగిలించారు. ఆ సంఘంవాళ్లు చెప్పుకునేది "చర్చ్ ఆఫ్ ది ఈస్ట్" అని. బౌద్ధంలో "హీనయానం" కూడా ఎదుటిపక్షమైన మహాయానంవాళ్ల మాటే. శ్రీలంక, మయన్మార్, థాయ్‌లాండ్‌లలో ప్రధానంగా ఉన్నది థేరవాదం, అలాగే రాయి. తాము ముస్లింలమని చెప్పుకునే అహ్మదీయులను "ఖాదియానీలు" అంటే వాళ్లు నొచ్చుకుంటారు. అలాగని ఎగతాళి పేరైతే చాలు, కొట్టేయాలనుకోకు. క్రైస్తవ శాఖల పేర్లు "మెథడిస్టు", "క్వేకర్" వెక్కిరింతగా పుట్టినవే, తర్వాత వాళ్లే స్వీకరించారు.

పేరు పక్కన సంవత్సరం తప్పనిసరి. యెహోవాసాక్షులు ఆ పేరు తీసుకున్నది 1931లో. అంతకుముందు వాళ్లు బైబిల్ విద్యార్థులు. 1920ల సంగతి చెబుతూ యెహోవాసాక్షులని రాస్తే కాలం తప్పినట్టే. "మార్మన్లు" అనొద్దు, "ది చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్-డే సెయింట్స్" అనే పూర్తి పేరు వాడండి అని 2018లో ఆ సంఘమే కోరింది. ఆ పూర్తి పేరు ఒకసారి రాసి, "మార్మన్లుగా లోకానికి తెలిసినవారు" అని చేరిస్తే పాఠకుడికి అందుతుంది. బహుభార్యత్వాన్ని ప్రధాన సంఘం 1890లో అధికారికంగా విడిచిపెట్టింది. దాన్ని కొనసాగించే చీలిక గుంపుల వార్తలను ఈ సంఘానికి అంటగట్టకు.

ఎక్కువమంది బోల్తా పడేది ఆర్థడాక్స్ క్రైస్తవుల దగ్గర. ఆంగ్లంలో ఈస్టర్న్, ఓరియెంటల్ అని రెండు మాటలున్నాయి. రెంటినీ "తూర్పు" అనేస్తే 1,500 ఏళ్ల చీలిక మాయమైపోతుంది. 451 నాటి చాల్సెడన్ సభను ఒప్పుకోనివి ఓరియెంటల్ సంఘాలు: కాప్టిక్, సిరియాక్, ఆర్మేనియన్, ఇథియోపియన్, ఎరిట్రియన్, కేరళలోని మలంకర. ఆ సభను ఒప్పుకుని, తర్వాత రోముతో తెగిపోయినవి ఈస్టర్న్ సంఘాలు: గ్రీకు, రష్యన్, సెర్బియన్, జార్జియన్ వగైరా. ఆ తెగతెంపులకు గుర్తుగా 1054ను చెబుతారు. ఆర్మేనియా, జార్జియా ఇరుగుపొరుగు దేశాలే, సంఘాలు మాత్రం చెరో కుటుంబం. అందుకే దేశపటం చూసి వర్గీకరించకు, ఎవరితో ఎవరికి సహవాసం (ఒకరినొకరు ఒప్పుకుని సంస్కారాలు పంచుకోవడం) ఉందో చూడు. నా సలహా, "తూర్పు ఆర్థడాక్స్", "ఓరియెంటల్ ఆర్థడాక్స్" అని వేర్వేరు మాటలు ఖాయం చేసుకో. ఓరియెంటల్ వాళ్లను "ఏకస్వభావవాదులు" (క్రీస్తుది ఒకే స్వభావం అనేవాళ్లు) అనడం పాత పుస్తకాల అలవాటు, వాళ్లు దాన్ని ఒప్పుకోరు. అలెగ్జాండ్రియా కాప్టిక్ పీఠాధిపతినీ పోప్ అనే అంటారు కాబట్టి, ఈజిప్టు వార్తలో ఉత్త "పోప్" చాలదు.

ఉక్రెయిన్ గ్రీకు కాథలిక్కులు గ్రీకులూ కారు, ఆర్థడాక్సులూ కారు. బైజాంటిన్ ఆరాధనరీతిని ఉంచుకుని, 1596 బ్రెస్ట్ ఒప్పందంతో రోముతో కలిసినవాళ్లు. వాళ్లను "యూనియేట్లు" అనకు, అదీ నొప్పించే మాటే. కేరళలోని సీరో-మలబార్ వాళ్లూ పోప్‌తో సహవాసంలో ఉన్నవాళ్లే, లాటిన్ రీతి కాదంతే. కనుక పోప్ కిందివాళ్లందరినీ కలిపి చెప్పేటప్పుడు "కాథలిక్" చాలు. "రోమన్" చేరిస్తే చాలామంది లాటిన్ సంఘమనే అనుకుంటారు.

ఒకేలా వినిపించే మాటల జోలికి వెళ్లేటప్పుడు ఆగి చూడు. రిఫార్మ్‌డ్ అంటే 16వ శతాబ్దపు సంస్కర్త కాల్విన్ బాటలోని ప్రొటెస్టంట్లు. రిఫార్మ్ అంటే యూదుల్లో ఒక శాఖ. కన్సర్వేటివ్ యూదులను "సంప్రదాయవాదులు" అని తెనిగిస్తే అర్థం తలకిందులవుతుంది, ఆ శాఖలో 1985 నుంచి స్త్రీలూ రబ్బీలు (మతగురువులు) అవుతున్నారు. జర్మనీలో "ఎవాంజెలిష్" అంటే మామూలుగా ప్రొటెస్టంటనే. ప్రొటెస్టంట్లలో ఒక ధోరణి మాత్రమే అయిన అమెరికా ఎవాంజెలికల్స్‌తో కలపకు. చర్చ్ ఆఫ్ స్కాట్లండ్ ప్రెస్బిటేరియన్, అంటే పెద్దల సభలు నడిపేది. అక్కడి ఆంగ్లికన్లది (ఇంగ్లండ్ చర్చి సంప్రదాయంవాళ్లది) స్కాటిష్ ఎపిస్కోపల్ చర్చి.

మన మాటల్లోనూ చిక్కులున్నాయి. ఇశ్రాయేలీయులు బైబిల్ కాలంవాళ్లు, నేటి దేశస్థులు ఇజ్రాయెలీలు, యూదులు ఆ రెండింటికీ సరిగ్గా సమానం కారు: ఇజ్రాయెలీల్లో ముస్లింలూ క్రైస్తవులూ ఉన్నారు. "షియా తెగ" అని పత్రికల్లో కనిపిస్తుంది. తెగ అనగానే గిరిజన సమూహం గుర్తొస్తుంది, శాఖ అను. "మహమ్మదీయులు", "కిరస్తానీలు" పాత పత్రాలను యథాతథంగా ఉటంకించేటప్పుడే. పార్సీలను "అగ్నిపూజకులు" అనడమూ అంతే.

పేరు కుదిరాక దాని పరివారాన్నీ సరిచూడు. కాథలిక్కులకు జ్ఞానస్నానం, దివ్యబలి పూజ, ఫాదర్. ప్రొటెస్టంట్లకు బాప్తిస్మం, ఆరాధన, పాస్టర్. యెహోవాసాక్షులు కూడేది రాజ్యమందిరంలో, నడిపేది పెద్దలు. "పాస్టర్ దివ్యబలి సమర్పించారు" అని అచ్చయిందంటే, ఆ శాఖ పేరు ఎంత సరిగ్గా రాసినా పాఠకులు మిగతాదాన్ని నమ్మరు.

ముందు ఆర్థడాక్స్ పుటలు పూర్తిచేసి పంపు. మూడు గడులూ, సంవత్సరమూ లేని పేరేదైనా ఉంటే దాని పక్కన పెన్సిల్‌తో సున్నా చుట్టు.

ఇట్లు,
మీ పెదనాన్న