అర చంద్రుడంటే సగం వెలుగు కాదు

చిట్టితల్లీ,

నీ ఉత్తరం, దాంతో పాటు పంపిన ప్రింటు అందాయి. చంద్రగిరి కోట కొండను రోడ్డు మీద నుంచి తీశానన్నావు, రెండు నిమిషాలు షట్టర్ తెరిచి ఉంచినా అంతా నల్లగా వచ్చిందన్నావు. "మామయ్యా, నువ్విచ్చిన కెమెరా పాడైపోయిందేమో" అని కూడా రాశావు. కెమెరాకేం కాలేదు. నేను ముప్పై ఏళ్లకు పైగా పెళ్లిళ్లకు వాడింది అది, అంత సులభంగా పోదు. నువ్వు తీసింది అష్టమి రోజు. అక్కడే వచ్చింది తిప్పలంతా.

పౌర్ణమికి ఒక నిమిషం చాలని ఎవరో చెప్పారు, ఇది అర చంద్రుడు కాబట్టి రెండు నిమిషాలిస్తే సరిపోతుందని లెక్క వేసుకున్నావు. లెక్క చూడ్డానికి బాగానే ఉంది. కానీ అష్టమి చంద్రుడు పౌర్ణమి చంద్రుడిలో సగం వెలుగు ఇవ్వడు, సుమారు పదో వంతే ఇస్తాడు. పక్కనుంచి ఎండ పడినప్పుడు చంద్రుడి మీది గుంతలూ కొండలూ నీడలు పరుచుకుంటాయి. పౌర్ణమి నాడు ఎండ ఎదురుగా పడుతుంది కాబట్టి ఆ నీడలు మనకు కనిపించవు. అందుకే ఆ ఒక్క రోజు వెలుగు అమాంతం పెరుగుతుంది. నువ్వు అపర్చర్, అంటే లెన్స్ కన్ను, ఎఫ్8 పెట్టి హెచ్‌పీ5 ఫిలిం వాడానన్నావు. పౌర్ణమికే దానికి వెలుగు కొలిచే మీటర్ లెక్కన ఒక నిమిషం కావాలి. అష్టమికి పది నిమిషాలు. అదీ ఫిలిం మన మాట వింటే. రాత్రిపూట ఫిలిం మన మాట వినదు, ఈ ఉత్తరం రాయడం ముఖ్యంగా దాని గురించే.

పగలు నీకు తెలిసిన సూత్రం ఒకటుంది. వెలుగు సగమైతే టైము రెట్టింపు చెయ్యి, ఫొటో ఒకేలా వస్తుంది. సెకను లోపల ఇది చక్కగా పనిచేస్తుంది. సెకను దాటిన దగ్గర్నుంచి తప్పుతుంది. అడుగున సన్న చిల్లు పడిన బిందెను కుళాయి కింద పెట్టు. ధార గట్టిగా ఉంటే చిల్లు సంగతే తెలీదు, బిందె నిండుతుంది. చుక్కచుక్కగా పడితే పడిన దాంట్లో చాలా మటుకు కారిపోతుంది. ఫిలిం మీది వెండి లవణపు రేణువు కూడా అంతే. దానికి వెలుగు దెబ్బలు కొన్ని వెంటవెంటనే తగలాలి. ఒకటి తగిలి, రెండోది ఆలస్యంగా వస్తే, ఈలోపల మొదటి దాని పని చెరిగిపోతుంది. దీన్ని లెక్కకట్టిన వాళ్లలో కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ అనే జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త ముఖ్యుడు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో నక్షత్రాల ఫొటోల మీద వెలుగు కొలుస్తూ పట్టుకున్నాడు. తర్వాత 1916లో బ్లాక్‌హోల్ లెక్కకు దారి చూపింది కూడా ఆయనే.

హెచ్‌పీ5కు ఇల్ఫర్డ్ వాళ్లు ఇచ్చిన లెక్క ఉంది. మీటర్ చెప్పిన సెకన్లను 1.31 ఘాతానికి హెచ్చించాలి. ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉంది కదా, వేసి చూసుకో. మీటర్ 10 సెకన్లంటే 20 ఇవ్వాలి. 30 అంటే దాదాపు నిమిషంన్నర. ఒక నిమిషం అంటే మూడున్నర నిమిషాలు. 4 నిమిషాలంటే 22 నిమిషాలు. నీ అష్టమి నాటి 10 నిమిషాలు ఎంతయ్యాయో తెలుసా? గంటా పదమూడు నిమిషాలు. నువ్విచ్చింది రెండు.

ఫిలింకో స్వభావం ఉంటుంది కాబట్టి ఒకదాని లెక్క ఇంకోదానికి పెట్టకు. మీటర్ 100 సెకన్లు చెబితే హెచ్‌పీ5కు ఏడు నిమిషాలు కావాలి. కొడాక్ పాత పట్టిక ప్రకారం ట్రై-ఎక్స్‌కు 1200 సెకన్లు, అంటే ఇరవై నిమిషాలు. ఫుజీ వాళ్ల యాక్రోస్‌కు అదే 100 సెకన్లు చాలు, రెండు నిమిషాల వరకు అది ఏ దిద్దుబాటూ అడగదు. నన్నడిగితే రాత్రి పనికి దాన్ని మించింది లేదు. ధర చూస్తే గుండె గుభేలుమంటుంది, అది వేరే సంగతి. ముందు హెచ్‌పీ5 మీద చెయ్యి కుదుర్చుకో. రెండు మూడు రకాలు ఒకేసారి కొనకు. ఒక్క ఫిలిం పట్టుకుని ఏడాది తియ్యి.

రాత్రి ఒక దృశ్యాన్ని రెండు మూడు టైముల్లో తీసేటప్పుడు పగటి అలవాటు ప్రకారం కొంచెం కొంచెం పెంచొద్దు. రెండు నిమిషాలకూ మూడు నిమిషాలకూ నెగిటివ్‌లో తేడా కనిపించదు, రోల్ దండగ. ఒకటి, నాలుగు, పదహారు నిమిషాలు, అలా వెళ్లు.

ఇక కెమెరా. నీ చేతిలోని నికాన్ ఎఫ్‌ఎం2లో షట్టర్ పూర్తిగా స్ప్రింగుల మీద నడుస్తుంది. అందులోని బటన్ బ్యాటరీలు మీటర్‌కు మాత్రమే. బి మీద పెట్టి రాత్రంతా తెరిచి ఉంచినా బ్యాటరీకి నష్టం లేదు. నీ స్నేహితురాలి దగ్గర కానన్ ఏఈ-1 ఉందన్నావు. అది మంచి కెమెరానే, కానీ బ్యాటరీ లేకపోతే షట్టరే కదలదు, తెరిచి ఉంచినంతసేపూ కరెంటు తాగుతుంది. కొత్త బ్యాటరీ ఒకటి జేబులో పెట్టుకోమను. ఈ 'బి' అంటే బల్బు. లైటు బల్బు అనుకునేవు. పాతకాలంలో షట్టర్‌కు రబ్బరు గొట్టం, దాని చివర పాత ఆటో హారన్ లాంటి రబ్బరు బుడ్డి ఉండేవి. బుడ్డి నొక్కి పట్టుకున్నంతసేపు షట్టర్ తెరిచి ఉండేది.

ఇప్పుడు ఆ బుడ్డికి బదులు కేబుల్ రిలీజ్. కొనేటప్పుడు లాకింగ్ స్క్రూ ఉన్నదే కొను. నొక్కి, స్క్రూ బిగించి, రెండుసార్లు చూసుకో. మొదటిసారి నక్షత్రాలు తీసినప్పుడు నేను స్క్రూ సరిగ్గా బిగించలేదు. నలభై నిమిషాలు దోమలు కొట్టుకుంటూ కూర్చుని, వచ్చి చూస్తే షట్టర్ ఎప్పుడో మూసుకుపోయి ఉంది. షట్టర్ తెరిచి ఉందో లేదో తెలుసుకోవడం చాలా సులభం. వ్యూఫైండర్‌లోకి చూడు. చీకటిగా ఉంటే అద్దం పైకి లేచి ఉంది, అంటే పని జరుగుతోంది. దృశ్యం కనిపిస్తే నీ పని అయిపోయినట్టే.

స్టాండ్ నడి కడ్డీని పైకి లాగొద్దు. దానికి నీ బ్యాగు వేలాడదీయి. బస్సులు తిరిగే రోడ్డు పక్కన నిలబెట్టకు, నేల అదురుతుంది. ఒక నల్ల అట్టముక్క ఎప్పుడూ దగ్గర ఉంచుకో. దాన్ని లెన్స్‌కు తగలకుండా ముందు పట్టుకుని షట్టర్ తెరువు, కెమెరా అదురు తగ్గాక అట్ట తియ్యి. మధ్యలో ఏ బండి అయినా హెడ్‌లైట్లు వేసుకుని ఎదురొస్తే అట్ట అడ్డం పెట్టు, పోయాక తియ్యి. ఆ సెకన్లు మాత్రం లెక్కలోంచి తీసేయాలి. నా దగ్గర ఉన్న మంచి రాత్రి ఫొటోల్లో సగం ఆ అట్టముక్క పుణ్యమే.

నక్షత్రాల గీతలు తీయాలని ఉందన్నావు. దానికి చంద్రుడు లేని రాత్రి కావాలి. గోడ మీది క్యాలెండర్‌లో తిథి చూసుకో. చంద్రుడు రోజూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా లేస్తాడు, కాబట్టి బహుళ దశమి దాటితే అర్ధరాత్రి దాకా ఆకాశం నీదే. అమావాస్య కోసమే కాచుకుని కూర్చోనక్కర్లేదు. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మబ్బుల్ని నమ్మలేం. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టు.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి. చంద్రుడి వెలుగులో కొండకు పనికొచ్చిన లెక్క నక్షత్రానికి పనికిరాదు. నక్షత్రం ఫిలిం మీద ఒకచోట నిలవదు, గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. ఏ రేణువు మీదైనా అది ఉండేది కాసేపే. అందుకని గంట తెరిచినా నాలుగు గంటలు తెరిచినా గీత పొడుగవుతుంది కానీ ప్రకాశం పెరగదు. ప్రకాశం కావాలంటే అపర్చర్ పెద్దది చెయ్యాలి. టైముతో పెరిగేది వెనక ఆకాశపు తెలుపు. ఊరి లైట్లు ఉన్నచోట గంటలో ఆకాశమంతా బూడిద రంగుకు వస్తుంది. ఇందాక తిట్టుకున్నామే, ఫిలిం చిల్లు బిందె అని, ఇక్కడ అదే మేలు చేస్తుంది. ఆకాశపు పల్చని వెలుగు చుక్కచుక్కగా పడుతుంది కాబట్టి చాలావరకు కారిపోతుంది, నక్షత్రాల గీతలు మిగులుతాయి. డిజిటల్ కెమెరా అయితే సెన్సర్ వేడెక్కి మచ్చలు వస్తాయని చిన్న చిన్న ఫొటోలు వందలు తీసి కలుపుతారు. నీకు ఒక్క ఫ్రేము చాలు.

పాకాల దగ్గర మన మామిడితోపులో ఎఫ్4 పెట్టి గంట ఇవ్వు, ఎఫ్ పక్క అంకె తగ్గితే కన్ను పెద్దదవుతుంది. తిరుపతిలో మా మేడ మీద అయితే ఎఫ్8 దాటి తెరవకు, అరగంట చాలు. తోపులో ఉంటే కొన్ని రాత్రులు గాదంకి వాతావరణ పరిశోధనశాల నుంచి సన్నటి ఆకుపచ్చ లేజర్ కిరణం నిటారుగా పైకి పోతుంది. అది ఫ్రేములో పడితే ఏదో లోపం అనుకుని కంగారు పడకు.

ధ్రువ నక్షత్రం చుట్టూ వలయాలు కావాలంటే మన ఊళ్లో ఒక చిక్కుంది. ధ్రువుడు ఎంత ఎత్తున ఉంటాడో అదే ఆ ఊరి అక్షాంశం. తిరుపతికి అది పదమూడున్నర డిగ్రీలు, అంటే చెయ్యి చాపి పిడికిలి పడితే ఒకటిన్నర పిడికిళ్ల కన్నా తక్కువ ఎత్తు. ఉత్తరాన ఉన్నది తిరుమల కొండ. అలిపిరిలో నిలబడితే కొండే ధ్రువుణ్ణి మింగేస్తుంది. ఊరికి దక్షిణంగా ఎంత జరిగితే కొండ అంత కిందికి దిగుతుంది. మా మేడ మీద నుంచి ధ్రువుడు కొండ అంచుకు కాస్త పైన కనిపిస్తాడు. కొండ మీది దీపాలు, ఘాట్ రోడ్ల బండ్ల గీతలు, వాటి పైన నక్షత్రాల వలయాలు. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు దిగడానికి, 1974 నాటి రెండోది ఎక్కడానికి కదా, దిగే బండ్ల తెల్ల గీతలు ఒకవైపు, ఎక్కే బండ్ల ఎర్ర గీతలు ఇంకోవైపు ఎక్కువగా పడతాయి. ఈ దృశ్యం నేను ఇరవైసార్లు తీసి ఉంటాను, మనసుకు నచ్చింది రెండే. దీపాలను చూసుకుని అపర్చర్ పెడితే నక్షత్రాలు పోతాయి, నక్షత్రాలను చూసుకుంటే దీపాలు అలుక్కుపోతాయి. నువ్వు ప్రయత్నించు, నాకు కుదరని ఉపాయం నీకు తడుతుందేమో.

తూర్పుకు తిప్పితే పని తేలిక. గొల్లకావడి మూడు చుక్కలు ఆకాశ మధ్యరేఖకు దగ్గర ఉంటాయి, వాటి గీతలు దాదాపు తిన్నగా వస్తాయి. వాటికి ఎడమ పక్క నక్షత్రాలు ధ్రువుడి వైపు వంగుతాయి, కుడి పక్కవి అవతలి వైపు. మన అక్షాంశంలో అవి కొంచెమే ఒరిగి నిటారుగా లేస్తాయి.

మంచు జాగ్రత్త. జనవరిలో తోపులో అర్ధరాత్రి దాటితే లెన్స్ మీద మంచు పట్టేస్తుంది, నీకు తెలియను కూడా తెలియదు. అమ్మ కాపడం పెట్టినట్టు గుడ్డమూట వేడిచేసి లెన్స్ కింద కట్టు. మూటలో ఉప్పు మాత్రం వద్దు, తుప్పు పడుతుంది. పొడి ఇసుక వెయ్యి. చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండాలి, అంతకు మించొద్దు.

ఒంటరిగా వెళ్లకు. ఆడపిల్లవని కాదు, నేను కూడా ఎప్పుడూ తోడు లేకుండా వెళ్లలేదు. తలకోన వైపు, శేషాచలం అడవి అంచులకు రాత్రి అసలు వెళ్లొద్దు. చిరుతలు ఉన్నాయి. పైగా అర్ధరాత్రి బ్యాగులు, టార్చిలైటు పట్టుకుని అడవి దగ్గర తిరిగితే ఎర్రచందనం వాళ్లనుకుంటారు. కెమెరా స్టాండ్ అని చెప్పుకునే లోపల తెల్లారుతుంది. కొండకు దర్శనానికి వెళ్లేటప్పుడు తీయని రోల్స్ ఇంట్లో పెట్టి వెళ్లు, అలిపిరి తనిఖీలో బ్యాగులు స్కానర్‌లోంచి పోతాయి, ఆ ఎక్స్‌రేకు ఫిలిం పాడవచ్చు.

ప్రతి రోల్‌లో మొదటి ఫ్రేము పగటిపూట తియ్యి, ఇంటి గుమ్మమో తులసికోటో ఏదైనా సరే. ఒకసారి నేను రోల్ అంతా నక్షత్రాలు తీసి ఒక ల్యాబుకు ఇచ్చాను. ఫ్రేము ఎక్కడ మొదలవుతుందో వాళ్లకు తెలియక సరిగ్గా మధ్యలో కత్తిరించి ఇచ్చారు. పగటి ఫ్రేము ఒకటి ఉంటే దాన్నుంచి కొలుచుకుంటారు. కత్తిరించకుండా ఇవ్వమని కవరు మీద రాసివ్వడం ఇంకా మంచిది. ఫిలిం నువ్వే కడగడం నేర్చుకుంటే ఈ గొడవే లేదు. పెద్ద ఎక్స్‌పోజర్లలో దీపాలు మాడిపోతాయి, నీడలు నిండవు, అందుకని డెవలపర్‌లో పది ఇరవై శాతం తక్కువసేపు ఉంచాలి. మన కుళాయి నీళ్లు ఎండాకాలంలో టీ కాచుకునేలా ఉంటాయి, ఐసుముక్కలు కవర్లో కట్టి 20 డిగ్రీలకు దించుకో.

అష్టమి నాటి నెగిటివ్ పారేశావా? ప్రింటు నల్లగా వచ్చిందంటే నెగిటివ్ గాజులా ఉంటుంది. దాన్ని తెల్ల కాగితం మీద పెట్టి, తాతయ్య భూతద్దంతో కొండ పై భాగం చూడు. రెండు నిమిషాల్లో ప్రకాశమైన నక్షత్రాలు అర డిగ్రీ జరిగి ఉంటాయి. వెంట్రుక ముక్కల్లాంటి నల్ల గీతలు ఒకటో రెండో కనిపిస్తే, వచ్చేటప్పుడు ఆ స్ట్రిప్ పట్టుకురా. నెగిటివ్ నుంచి ప్రింటు వేసే ఎన్‌లార్జర్ ఇంకా అమ్మలేదు నేను.

మీ మామయ్య,
తిరుపతి